ఒకటో తరగతికి తెలుగొచ్చిన టీచరు కావాలి

ఇకమీదట ఎస్సెస్సెల్సీ (పదో తరగతి) పాసు కావడానికి 35 శాతం అక్కర్లేదు, 33 చాలు అని కర్ణాటక విద్యాశాఖ మంత్రి మధు బంగారప్ప 2025 అక్టోబరు 15న ప్రకటించారు. 625కు 206 తెచ్చుకుని, ఒక్కో సబ్జెక్టులో 30 శాతం ఉంటే గట్టెక్కినట్టే. ఆ మాట వెలువడిన రోజున మన పావగడ తాలూకాలో ప్రభుత్వ బళ్లకు సెలవు. రాష్ట్ర ప్రభుత్వపు ఇంటింటి సామాజిక, విద్యా సర్వే పూర్తి కాలేదని దసరా సెలవుల్ని 18వ తేదీ దాకా పొడిగించారు. టీచర్లు ఫోన్లు చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. చదువు చెప్పేవాళ్లను బడి బయట నిలబెట్టి, అదే వారంలో పాసు మార్కును కిందికి దించడం చూసి నాకు కడుపు మండింది.

సర్వే వద్దని నేననను. ఎవరెక్కడ వెనకబడ్డారో లెక్క తేలాల్సిందే. కానీ ఈ రాష్ట్రంలో ఏ లెక్క తేలాలన్నా మొదట ఖాళీ అయ్యేది ప్రభుత్వ బడే ఎందుకు కావాలి? ఓటర్ల జాబితాకు టీచరు, ఎన్నికలకు టీచరు, జనగణనకు టీచరు. అంతా అయ్యాక ఫలితాలు తక్కువొచ్చాయని నోటీసూ టీచరుకే.

ఫలితాల సంగతి చూడండి. 2023లో ఎస్సెస్సెల్సీ ఉత్తీర్ణత 83.89 శాతం. 2024లో పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. గ్రేసు మార్కుల్ని 20 శాతానికి పెంచినా 73.40 దగ్గర ఆగింది. 2025లో ఆ గ్రేసు తీసేశారు, 62.34కు పడింది. ఆ అక్టోబరులో పాసు మార్కు తగ్గించారు. దాంతో అంకె పైకి లేస్తుంది, పత్రికల్లో మెరుగుపడిందని రాస్తారు. పావగడ ఉన్న మన మధుగిరి విద్యా జిల్లా ర్యాంకు కూడా రెండు మెట్లు పైకో కిందికో జరుగుతుంది. ఇందులో ఏ పిల్లకు ఏం వచ్చిందన్న ప్రశ్న ఎక్కడుంది?

పదో తరగతిలో తప్పే పిల్ల పదిలో తప్పడం లేదు, ఒకటో తరగతిలోనే తప్పిపోతోంది. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం దేశమంతటా పల్లెల్లోని ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేది 23.4 శాతం మంది. అంటే నలుగురిలో ముగ్గురు వెనకబడే ముందుకు నడుస్తున్నారు. ఇది దేశం మాట. పావగడలో దీని మీద ఇంకో బరువుంది, దాన్ని ఏ ర్యాంకుల పట్టికా చూపదు.

ఈ తాలూకాలో వేల ఇళ్లలో పొయ్యి దగ్గర, పొలం గట్టున, సంతలో వినిపించేది తెలుగు. చుట్టూ దాదాపు అంతా ఆంధ్రే. బడి మాత్రం కన్నడ. కన్నడ వద్దని చెప్పడానికి కాదు నేనిది రాస్తున్నది. కన్నడ బాగా రావాలనే రాస్తున్నాను. ఇక్కడి పిల్ల బతకాల్సింది కర్ణాటకలో. పదో తరగతిలో 125 మార్కుల ప్రథమ భాషగా ఆమె రాసేది కన్నడే.

చిన్న తరగతుల్లో ఆ కన్నడ చదువు సాగే నలి-కలి పద్ధతి గురించి మన తాలూకాలో తెలియని తల్లిదండ్రులుండరు. కానీ అది పుట్టింది ఎక్కడో ఎంతమందికి తెలుసు? మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లె బళ్ల కోసం కార్డులు, మెట్లు పెట్టి ఒక పద్ధతి తయారుచేశారు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు అక్కడికి వెళ్లి చూసి, తమ బళ్లకు కన్నడలో మలుచుకున్నారు. 2009 నాటికి రాష్ట్రమంతా కన్నడ మాధ్యమం ప్రభుత్వ బళ్లకు అది పాకింది. తెలుగు పల్లెల్లో తెలుగు పిల్లల కోసం పుట్టిన పద్ధతి మైసూరు మీదుగా తిరిగి తిరిగి పావగడలోని తెలుగు పిల్లల దగ్గరికి కన్నడలో చేరింది.

ఆ పద్ధతికి ప్రాణం తట్టెలు. పిల్లల్ని తట్టెలనే గుంపులుగా కూర్చోబెడతారు. ఒక తట్టెలో పూర్తిగా టీచరు సాయం, ఒక దాంట్లో కొంత టీచరు సాయం, తర్వాతివి తోటి పిల్లల సాయంతో, చివరిది ఎవరికి వారు. మెట్టు మెట్టుకూ కార్డు, గోడల మీద పిల్లల ఎత్తులో నల్లబల్లలు, తల మీద చప్పరానికి వాళ్లు గీసిన బొమ్మలు. పద్ధతి బంగారం. కానీ సగం పని జరిగేది పిల్లలు ఒకరికొకరు చెప్పుకోవడంలో. మరి మన పిల్లలు ఒకరికొకరు చెప్పుకునేది ఏ భాషలో?

నాగలమడికె వైపు ఒక బడిలో చూశాను. చింతగింజలు ముందేసుకుని ఒక పాప పక్కవాడికి తీసివేత చెబుతోంది. "ఏడుండె. మూడు నువ్వు దాచిపెట్టుకుంటివి. ఇంగ ఎన్ని మిగిలె, చెప్పురా" అని. వాడు వేళ్లు మడిచి లెక్కపెట్టి నాలుగంటున్నాడు. ఇంతలో టీచరమ్మ దగ్గరికొచ్చి కన్నడలో చెప్పమంది. పాప ఆగిపోయింది. చేతిలో గింజలు కింద పెట్టేసి, కార్డు మీది బొమ్మకేసి చూస్తూ కూర్చుంది. టీచరమ్మ కసురుకోలేదు, బుజ్జగించే అడిగింది. దూరపు జిల్లా నుంచి వచ్చిన మనిషి, పని మీద శ్రద్ధ ఉన్న మనిషి. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. అందుకని ఆ పాపకు తీసివేత వచ్చిన సంగతి ఆమెకు తెలియనే లేదు. రిజిస్టరులో ఆ మెట్టు దగ్గర ఏమని రాసుకుని ఉంటుందో ఊహించుకోండి.

ఉడుపి, మంగళూరు పిల్లల ఇంటి భాష తుళు, కొంకణి, బ్యారీ కదా, అయినా 2024లో ఉడుపి, 2025లో దక్షిణ కన్నడ రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకున్నాయి కదా అని నన్ను చాలామంది అడుగుతారు. కన్నడ నేల కలబురగి 2025లో 42.43 శాతంతో అట్టడుగున ఉందని కూడా గుర్తుచేస్తారు. నిజమే. ఇంటి భాష ఒక్కటే చదువును నిర్ణయించదు. అక్కడ అమ్మమ్మల తరం నుంచే చదువుంది, చేతిలో నాలుగు రూపాయలున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, తుళు పిల్లకు పాఠం చెప్పే టీచరుకు చాలాచోట్ల తుళు వచ్చు. నేనడిగేది అంతే. మన పిల్లకు పాఠం చెప్పే టీచరుకు తెలుగు రావాలి.

ఇది కొత్త కోరికేం కాదు. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయమని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో సవర, కోయ, గోండి, కొలామి, బంజారా వంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు వాచకాలు తెచ్చి, ఇంటి భాషలో మొదలుపెట్టి తెలుగులోకి నడిపించే ప్రయత్నం చేసింది. సొంత లిపి అంతగా వాడుకలో లేని భాషలకు అది సాధ్యమైంది. మన పిల్లలు మాట్లాడే తెలుగుకు లిపి ఉంది, వాచకాలున్నాయి, పక్క రాష్ట్రం నిండా టీచర్లున్నారు. పావగడకు అంత పెద్ద ఏర్పాటు కూడా అక్కర్లేదు. ఒకటో తరగతి గదిలో పిల్ల మాట అర్థమయ్యే ఒక మనిషి ఉంటే చాలు.

టీచరుకు ఏ సాయం పనికొస్తుంది, ఏది పనికిరాదు అని మన పక్కనే పెద్ద పరిశోధన జరిగింది. 2005 నుంచి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రలోని ఐదు జిల్లాల్లో, అందులో మన కడప కూడా ఉంది, 500 ప్రభుత్వ ప్రాథమిక బళ్లలో పరీక్షించి చూశారు. కొన్ని బళ్లకు ఒక్కో పిల్ల ఎక్కడ వెనకబడిందో రాసి నివేదికలిచ్చారు, మధ్యమధ్య మనుషులు వచ్చి తరగతిని గమనించారు. గమనించేవాళ్లు ఎదురుగా ఉన్నంతసేపు టీచర్లు హుషారుగానే పనిచేశారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం ఏ తేడా లేదు. కొన్ని బళ్లకు డబ్బిచ్చారు. మొదటి ఏడాది పనిచేసింది. రెండో ఏడాది బడికి డబ్బొస్తుందని తెలిసి ఇంట్లోవాళ్లు తమ ఖర్చు తగ్గించుకున్నారు, లాభం నిలవలేదు.

పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనసిచ్చిన బళ్లలో లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టమైన మెరుగు కనిపించింది. అక్కడా టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజున చేసిన పని మారింది. బడి అయ్యాక అదనంగా కూర్చోబెట్టడం, ఇంటిపని ఎక్కువివ్వడం, వెనకబడిన పిల్ల మీద కన్నేయడం. బోనసు పద్ధతి మనకు సరిపడదని నేను గట్టిగా నమ్ముతాను. మార్కే పరమార్థమైతే ఏం జరుగుతుందో కెమెరాలు పెట్టకముందు ఎస్సెస్సెల్సీలో చూశాం. కానీ ఆ మార్పు ఎక్కడ జరిగిందో గమనించండి, టీచరుకూ పిల్లకూ మధ్య.

వాళ్లదే ఇంకో ఫలితం నాకు మరీ ఇష్టం. కొన్ని బళ్లకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరునిచ్చారు. చాలావరకు ఆ ఊరివాళ్లే, ఎక్కువగా ఆడవాళ్లు, జీతం రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతు. రెగ్యులర్ టీచర్ల గైర్హాజరు 27 శాతమైతే వీళ్లది 18. రెండేళ్లకు ఆ బళ్ల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందున్నారు. మన తాలూకాలో అతిథి ఉపాధ్యాయులు సరిగ్గా ఇలాంటివాళ్లే. ఊరి పిల్లలే, తెలుగు వచ్చు, ఏ ఇంట్లో ఏ కష్టముందో తెలుసు. 2025లో నెలకు 12,000 రూపాయల మీద బడిని మోశారు. తక్కువ జీతానికి పనయిపోతోంది కదా అని ఈ పరిశోధనను వాడుకునేవాళ్ల మీద నాకు కోపం. ఆ అమ్మాయిల దగ్గరున్నది ఈ బడికి అన్నిటికన్నా అవసరమైన అర్హత. దానికి తగ్గ జీతం, ఖాయమైన ఉద్యోగం ఇవ్వండి.

ఈ ఫలితాలు విదేశాల్లో ఇంగ్లీషులో అచ్చయ్యాయి. మన పిల్లల మీద, మన టీచర్ల మీద జరిగిన పరిశోధన. కడప జిల్లాలో ఆ పరీక్షలు పెట్టిన బడి టీచరుకు దాని ఫలితం తెలుగులో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? మన బీఆర్సీ (బ్లాకు వనరుల కేంద్రం) శిక్షణలో కన్నడలో ఎవరైనా చెప్పారా? క్లస్టరుకొక సీఆర్‌పీని వేసింది బడికి వెళ్లి టీచరుకు బోధనలో తోడుండడానికి. ఇవాళ ఆయన పని ఫోన్లు చేసి, విద్యార్థుల లెక్కలుంచే ఆన్‌లైన్ వ్యవస్థ ఎస్ఏటీఎస్‌లో వివరాలు ఇంకా ఎందుకెక్కించలేదని అడగడం. ఆ వ్యవస్థ పేరులో విద్యార్థి సాధన అనే మాటుంది. ఆ వివరాలు ఎక్కించడానికి టీచరు పోగొట్టుకున్న గంటలు అందులో ఉండవు.

పైన చెప్పిన గైర్హాజరు అంకెలు చూసి టీచర్లు బడికే రారనే మాట కూడా ఇక ఆపాలి. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2017లో ఆరు రాష్ట్రాల్లో 619 బళ్లు చూసింది. చెప్పాపెట్టకుండా రానివాళ్లు 2.5 శాతం మాత్రమే. బడిలో కనిపించని మిగతావాళ్లు సెలవులోనో, శిక్షణలోనో, సర్కారు పంపిన ఇంకో పని మీదో ఉన్నారు.

తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టుకున్నాం. అక్కడ పుట్టే ప్రతి యూనిట్టుకూ లెక్కుంది. పక్క ఊరి బడిలో ఒకటో తరగతి పిల్లల్లో ఎంతమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారో లెక్క ఏ ఆఫీసులోనైనా ఉందా? ఆ లెక్కకు ఇంకో సర్వే అక్కర్లేదు. 2025 సర్వేలో మన టీచర్లు గడప గడపకూ తిరిగి వచ్చారు. ఎన్ని ఇళ్లలో ప్రశ్నలు తెలుగులో అడగాల్సి వచ్చిందో వాళ్లకు తెలుసు.

తాలూకా బీఈఓ గారికి నా మనవి ఇది. ఏ బడిలో ఏ టీచరుకు తెలుగు వచ్చో ఒక జాబితా రాయించండి. వచ్చే విద్యా సంవత్సరం బళ్లు తెరిచేనాటికి నలి-కలి గదుల్లో వాళ్లను పెట్టండి. బడిలో ఉన్నవాళ్లలో ఎవరు ఏ తరగతికన్నది సర్దుకోవడానికి బెంగళూరు ఆర్డరు కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. తెలుగు రాని టీచర్లకు ఎండాకాలంలో పది రోజులు నేర్పించండి, నేర్పేవాళ్లు ఈ తాలూకాలో కోకొల్లలు. తల్లిదండ్రులకూ ఒక మాట. వచ్చే ఎస్‌డీఎంసీ (బడి కమిటీ) మీటింగుకు తప్పక వెళ్లండి. కాంపౌండు గోడ సంగతి తర్వాత అడగొచ్చు. మా బిడ్డ మాట అర్థమయ్యే టీచరు ఒకటో తరగతిలో ఉన్నారా అని ముందు అడగండి, జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి.