దొర దిగిపోతాడు, కుర్చీ దిగదు (నాలుగో భాగం)

ముందు మా వాడలో ఇద్దరి వయసు లెక్క చెప్తాను.

ఒకడు మా చిన్నమ్మ కొడుకు. పొద్దున నాలుగింటికి లేచి చెరువు కట్ట మీద పరుగెత్తినోడు. నోటిఫికేషన్ కోసం ఏళ్ళకేళ్ళు చూశాడు. అది వచ్చేసరికి వయసు దాటింది. తెలంగాణలో కానిస్టేబుల్‌కు రూల్లో ఉన్న గరిష్ఠ వయసు 22. మనకు 5 ఏళ్ళ సడలింపు. 27 దాటితే సర్కారు దృష్టిలో వాడు పనికిరాడు. ఇప్పుడు డెలివరీ బండి నడుపుతున్నాడు.

ఇంకొకరు మా మేనమామ. హోంగార్డు. ఇరవై ఏళ్ళు చౌరస్తాలో ఎండకు నిలబడ్డాడు. రోజు లెక్కన కూలి. వయసైపోగానే ఇంటికి పంపారు. పెన్షన్ లేదు. "నీ అనుభవం మాకు కావాలె, మళ్ళా రా" అని ఒక్కరూ పిలవలేదు.

ఇప్పుడు మూడో మనిషి. మన వాడలో ఉండడు. పెద్ద పోలీసాఫీసరు. ఐపీఎస్ అయితే 60కి, రాష్ట్ర సర్వీసు అయితే తెలంగాణలో 61కి, ఆంధ్రలో 62కి రిటైరవుతాడు. శాలువా కప్పుతారు, ఫోటో దిగుతారు. కొన్నాళ్ళకు ఒక ఉత్తర్వు వస్తుంది. ప్రజా ప్రయోజనం దృష్ట్యా ఆయన ఇక ఓఎస్డీ. అదే గది, అదే కారు, అవే సెల్యూట్లు.

ఈ ముగ్గురిలో ఎవరి అనుభవం అనుభవమైంది?

రూలు లేదా అంటే ఉంది. కేంద్రంలో ఫండమెంటల్ రూల్ 56(డి) మొదటి మాటే 60 తర్వాత పొడిగింపు లేదని. ఆ కిందే మినహాయింపులు మొదలవుతాయి. పొడిగింపు కుదరకపోతే పునర్నియామకం, అదీ కాకపోతే కన్సల్టెంట్, సలహాదారు, ఓఎస్డీ. గోడ ఒక్కటి, తలుపులు పది.

"జీతంలోంచి పెన్షన్ తీసేసి ఇస్తాం, ఖజానాకు భారమేముంది?" అంటారు. అయ్యా, నా పేచీ పైసలతో కాదు. కుర్చీతో.

కుర్చీ ఖాళీ అయితే ప్రమోషన్లు కదులుతాయి. పైవాడు లేస్తే కిందివాడు ఎక్కుతాడు. ఆ వరసలో ఎక్కడో ఒక రోస్టర్ పాయింట్ మనది. దొర లేవకపోతే వరసంతా ఆగుతుంది. మన సీఐ డీఎస్పీ కాకుండానే రిటైరవుతాడు. ఆయనను మాత్రం ఎవరూ వెనక్కి పిలవరు.

"ఓఎస్డీ విడి పోస్టు, ఎవరి ప్రమోషనూ ఆగదు" అని ఇంకో జవాబు. ఇది మరీ ప్రమాదం. మనవాడు కుర్చీ ఎక్కుతాడు, అధికారం పక్క గదిలో ఉంటుంది. సంతకం మనవాడిది, మాట దొరది.

డీఎస్పీ కుర్చీ అంటే ఏమిటో విద్యార్థులకు తెలియాలి. 1995 అట్రాసిటీ నిబంధనల్లో 7వది చదవండి. ఎస్సీ, ఎస్టీల మీద దాడి జరిగితే దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీకి తగ్గని అధికారి. ఆ కుర్చీలో ఎవరున్నారనేది మన ఆడబిడ్డ కేసు నిలబడుతుందా, రాజీ అవుతుందా అనే ప్రశ్న.

కేంద్ర సర్వీసుల్లో 45 రోజులు దాటే తాత్కాలిక నియామకాలకు కూడా రిజర్వేషన్ ఉండాలని కేంద్రమే 2022లో మళ్ళీ గుర్తుచేసింది. 45 రోజుల గుమాస్తాకు రోస్టర్ కావాలి. ఏళ్ళ తరబడి కూర్చునే రిటైర్డ్ దొరకు నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు, రోస్టర్ లేదు.

జవాబుదారీ ఉందా? 2024లో హైదరాబాద్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు నిందితుల్లో రిటైరయ్యాక ఓఎస్డీలుగా కొనసాగినవాళ్ళు ఉన్నారు. నేరం తేల్చేది కోర్టు. నా ప్రశ్న వేరు. పదవిలో ఉంచడం పాలకుడి దయ అయినప్పుడు ఆ మనిషి చట్టానికి భయపడతాడా, దయకు భయపడతాడా? అదే ఏడాది జనవరిలో ఏ శాఖలో ఎంతమంది రిటైరైనవాళ్ళు ఉన్నారో చెప్పమని ప్రధాన కార్యదర్శి లెక్క అడగాల్సి వచ్చింది.

"మనవాళ్ళలో ఒకరిద్దరికి కూడా ఇచ్చారు కదన్నా" అన్నాడు ఒక తమ్ముడు. ఇచ్చారు. అదీ తప్పే తమ్మీ. ఆ కుర్చీ కింద ఎదురుచూస్తున్నది కూడా మనవాడే.

బాబాసాహెబ్ 1942లో వైస్రాయ్‌కి విన్నపం ఇచ్చి, 1943లో కేంద్ర సర్వీసుల్లో 8.33 శాతం సాధించారు. నాలుగు జీతాల కోసం కాదు. చట్టం అమలుచేసే చేతుల్లో మన చెయ్యి ఉండాలని.

అందుకే అడుగుదాం. రిటైరైనవాళ్ళ అనుభవం అకాడమీలో పాఠం చెప్పడానికి వాడుకోండి, ఆజ్ఞలివ్వడానికి కాదు. ప్రతి పునర్నియామకం పేరుతో, కారణంతో, గడువుతో బయటపెట్టండి. ఆ పోస్టును రోస్టర్లో లెక్కించండి. మీ జిల్లాలో ఎంతమంది ఉన్నారో సమాచార హక్కు కింద ఈ వారమే దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు.

27 ఏళ్ళ మా తమ్ముడు ముసలోడైతే, 65 ఏళ్ళ దొర పడుచోడెట్లయితడు?

వచ్చే భాగంలో హోంగార్డుల గురించి.

జై భీమ్.