తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

రోబోను దూరం నుంచి నడిపితే మనిషికి ప్రమాదం తప్పుతుందని చెబుతున్నారు. బాంబు తీసేచోట అది నిజమే, మేమూ ఒప్పుకుంటాం. కానీ కార్ఖానాలో దూరంగా కూర్చునేది స్క్రీన్ ముందున్న ఇంజనీరు ఒక్కడే. ఇరుక్కున్న రేకు తీయడానికి, సెన్సార్ తుడవడానికి కంచె లోపలికి దూరేది కాంట్రాక్టు కుర్రాడు. రిమోట్ వల్ల ఇంజనీరుకు భద్రత వచ్చింది, సరే. ఆ కుర్రాడికి ఏమొచ్చింది?

రోబో తిరగబడి మనుషుల్ని చంపుతుందని రజనీకాంత్ సినిమా చూసి మనం అనుకుంటాం. అసలు జరిగేది వేరు. 1979 జనవరి 25న అమెరికాలోని ఫ్లాట్ రాక్‌లో, ఫోర్డ్ కార్ఖానాలో సామాన్ల రాక్ మీదికి ఎక్కిన కార్మికుణ్ణి రోబో చెయ్యి కొట్టి చంపింది. 2015లో హర్యానాలోని మానేసర్‌లో ఒక యువకుడు జారిన రేకును సరిచేయబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ రోబోలు తిరగబడలేదు. లోపల మనిషి ఉన్నాడని తెలియక, వాటికి నేర్పిన పని అవి చేశాయి.

ఆగిన రోబో అంటే చచ్చిన రోబో కాదు. సిగ్నల్ కోసం కాచుకుని ఉండవచ్చు. ఆ సిగ్నల్ ఇచ్చేవాడు వేరే ఊళ్ళో ఉంటే, కెమెరా ఎటు తిరిగి ఉందో అంతే అతనికి కనబడుతుంది. రోబో వెనక వంగి ఉన్న మనిషి కనబడడు. లైను నెమ్మదిస్తే అతను చూసేది కాసేపటి కిందటి బొమ్మ. స్క్రీన్‌నైనా నమ్మవచ్చా అంటే, 2017లో మిలాన్ పరిశోధకులు నెట్‌వర్క్ ద్వారా ఒక పారిశ్రామిక రోబోలోకి చొరబడి, నడుస్తున్న రోబోను ఆగి ఉన్నట్టు చూపించవచ్చని రుజువు చేశారు.

దీనికి మందు లేక కాదు. పారిశ్రామిక రోబోల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10218 ప్రకారం, లోపలి మనిషి చేతిలో టీచ్ పెండెంట్ ఉన్నంతసేపు ఇంకెక్కడినుంచీ ఎవ్వరూ రోబోను కదిలించడానికి వీల్లేదు. వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదు. పెండెంట్ మీది స్విచ్ వదిలేసినా ఆగాలి, గట్టిగా బిగించినా ఆగాలి. భయపడినప్పుడు మనిషి ఈ రెండింటిలో ఏదో ఒకటే చేస్తాడు కదా! 2025 దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ కూడా, పొరపాటున ఆన్ అయ్యే వీలున్న స్విచ్‌కు తాళం వేసే ఏర్పాటు ఉండాలని చెప్పింది.

తాళం అంటే మామూలు తాళమే. లోపలికి వెళ్ళే ప్రతివాడూ కరెంటు మెయిన్ ఆపి తన తాళం తాను వేస్తాడు, చెవి జేబులో పెట్టుకుంటాడు. నలుగురు వెళ్తే నాలుగు తాళాలు. దూరం నుంచి ఎవడు ఏ బటన్ నొక్కినా రోబో కదలదు. ఖర్చు తాళానికి కాదు, లైను ఆగే ఆ పది నిమిషాలకు. గొడవంతా అక్కడే ఉంది.

ప్రమాదం జరగ్గానే "కుర్రాడు అజాగ్రత్తగా ఉన్నాడు" అంటారు. ద్వితీయోపదేశకాండం 22:8 చూడండి. డాబా మీద పిట్టగోడ కట్టని ఇంటి యజమాని మీదే ఆ రక్తదోషం ఉంటుంది, పడినవాడి మీద కాదు. ఫ్లాట్ రాక్ కేసులో కూడా 1983లో జ్యూరీ ఆ రోబో తయారుచేసిన కంపెనీయే కోటి డాలర్లు కట్టాలంది.

హోసూరు, ఒరగడం, బిడది, చాకణ్‌లలో షిఫ్టులకు వెళ్తున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! సెల్ తలుపు తీసేముందు అడగండి: ఈ రోబోను బయటినుంచి ఎవరు నడపగలరు, ఆ దారి ఇప్పుడు మూసి ఉందా, నా తాళం ఏది? ఒక్కరే అడిగితే మరుసటి నెల పిలవకపోవచ్చు. అందుకే షిఫ్టులో ఉన్నవాళ్ళంతా కలిసి కాగితం మీద రాసి అడగండి. సూపర్‌వైజర్ సంతకం పెట్టిన కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకోండి.