శాతం చెప్పని సంగతి
ప్రభుత్వ కొలువులో ఉన్నన్నాళ్లూ వైకల్య ధ్రువపత్రాలపై శాతాలు వేశాను. ‘ఎడమ కాలు, 50 శాతం’ అన్న మాట పింఛనుకు పనికివస్తుంది. బండి మార్చే మెకానిక్కుకు ఏమీ చెప్పదు.

ఇప్పటి మోటారు సైకిళ్లలో గేరు ఎడమ పాదం వద్ద, వెనుక బ్రేకు కుడి పాదం వద్ద ఉంటాయి. పోలియో వల్ల ఎడమ పాదం ముందుభాగం పైకి లేవని వ్యక్తి గేరు లివరును వేళ్లతో ఎత్తలేడు. తుంటి, మోకాలు బాగుంటే మాత్రం వెనుక కొసను మడమతో తొక్కవచ్చు, పని అదే. కుడి కాలు బలహీనమైతే వెనుక బ్రేకును హ్యాండిల్ మీదికి తేవాలి. గేర్లు లేని స్కూటరులో రెండు బ్రేకులూ చేతికే అందుతాయి గనుక చాలామందికి అదే మేలు. బండి ఆగినప్పుడు కాళ్లు బరువు ఆపలేని వారికి పక్క చక్రాలు అవసరమే. అందరికీ అవే బిగించడం నాకు సమ్మతం కాదు.

పోలియోలో స్పర్శ పోదు. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో పోవచ్చు. సైలెన్సరు కాల్చినా తెలియదు. అక్కడ కవచం ఉండి తీరాలి.

రవాణా శాఖ అనుమతి సరే, ఏ కదలిక మిగిలిందో వైద్యుడు ముందు రాసివ్వాలి. నా పాత రోగులెవరైనా ఆ పత్రం తెస్తే, ఆ వాక్యం ఇప్పుడైనా రాసిస్తాను.