గుడ్లగూబ ఫోటో – కత్తిరించిన అంచులు

గుడ్లగూబ అనగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? మన ఊళ్ళలో అది ఇంటి కప్పు మీద వాలితే కీడు అంటారు. కోల్‌కతాలో అలా కాదు. తెల్లని ముఖం, నల్లని కళ్ళు ఉన్న గుడ్లగూబను బెంగాలీలు 'లొక్ఖీ ప్యాంచా' అంటారు. లక్ష్మీదేవి గుడ్లగూబ అని అర్థం. దుర్గాపూజ తర్వాత పౌర్ణమినాడు చేసే కోజాగరి లక్ష్మీపూజలో అమ్మవారి పాదాల పక్కన ఈ పక్షి బొమ్మ ఉంటుంది.

ఈ పక్షి ఫోటో ఒకటి మీ చేతిలో ఉందనుకోండి. కంప్యూటరులో చుట్టూ నలుపు పెంచి, ముఖం ఒక్కటే తెల్లగా మెరిసేలా చేస్తే అది మన అమ్మమ్మలు భయపెట్టిన అపశకునపు పిట్ట అవుతుంది. కాస్త పసుపు వెలుగు కలిపితే లక్ష్మి వాహనమవుతుంది. పక్షి మాత్రం ఒక్కటే. అందుచేత ఫోటోను సరిదిద్దడం కేవలం సాంకేతికమైన పని అంటే నేను ఒప్పుకోను. అది ఒక అభిప్రాయాన్ని చెప్పడమే.

సరిదిద్దకూడదని నేను అనడం లేదు. ఫిల్ము రోజుల్లో కూడా చీకటి గదిలో వెలుగునీడలను సవరించేవారు. కాని హద్దు ఒకటుంది. 1982లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రానికి సరిపోవాలని ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటరుతో దగ్గరకు జరిపింది. పెద్ద దుమారం లేచింది. గేటు మీద నుంచి దూకుతున్న తోడేలు ఫోటోకు 2009లో బ్రిటన్‌లో వన్యప్రాణి ఫోటోల పోటీలో ప్రథమ బహుమతి వచ్చింది. అది పెంపుడు తోడేలు కావచ్చని న్యాయనిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో బహుమతిని రద్దు చేశారు. ఆ ఫోటోలో గీత ఒక్కటి కూడా మార్చలేదు! అబద్ధం కెమెరా ముందే జరిగిపోయింది.

ఇక అంచుల సంగతి. గుడ్లగూబ కనుగుడ్లు మన కళ్ళలా కదలవు. పక్కకు చూడాలంటే తల మొత్తం తిప్పవలసిందే. అందుకే అది కెమెరా వైపు తిరిగిందంటే సూటిగా మనల్నే చూస్తున్నట్లు ఉంటుంది. ఫోటోగ్రాఫరు ఆ చూపుకు లొంగిపోయి, కళ్ళ చుట్టూ ఉన్నదంతా కత్తిరించేస్తాడు. పోయేది ఏమిటో చూడండి: కరెంటు తీగ, పెచ్చులూడిన గోడ, పాత మేడ చూరు కింది కన్నం. లక్ష్మీ గుడ్లగూబ నగరంలో బతికేది అటువంటి చోటనే. పాత మేడ కూలి అపార్టుమెంటు లేస్తే ఆ కన్నం ఉండదు. కత్తిరించిన ఫోటోలో ఆ విషయం ఎక్కడా కనిపించదు. పక్షి ఏదో అడవిలో హాయిగా ఉందని చూసేవారు అనుకుంటారు. నన్నడిగితే తీగను ఉండనివ్వండి. బహుమతి రాకపోతే పోనీ.

గుడ్లగూబల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వీటిని పట్టడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా దీపావళి వచ్చిందంటే క్షుద్రపూజల పేరుతో వీటిని బలి ఇచ్చేవారున్నారు. దేశంలోని 30 జాతులలో 15 జాతులు చాటుమాటుగా అమ్ముడుపోతున్నాయని ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లో నివేదిక ఇచ్చింది. లక్ష్మి వాహనాన్ని లక్ష్మి కోసమే చంపడం ఎంత విడ్డూరం!

అందువల్ల ఫోటోలో పరిసరాలు ఉండాలి గాని, గూటికి దారి ఉండకూడదు. ఇంటి నంబరు, దుకాణం బోర్డు కనబడితే వాటిని మాత్రం నిస్సంకోచంగా కత్తిరించండి. కోల్‌కతా దక్షిణాన నరేంద్రపూర్‌లో చింతామణి కర్ పక్షుల అభయారణ్యం ఉంది. అక్కడ తీసిన ఫోటో కింద ఆ అభయారణ్యం పేరు రాస్తే చాలు. ఏ చెట్టో, ఏ తొర్రో రాయనక్కరలేదు.