ఆరు వారాల్లో ఎక్కడున్నారు వకీలుగారూ?

చెక్కు చేతికిచ్చి రసీదు మీద వేలిముద్ర వేయించుకుంటారు. అంతటితో ఆ రైతు కోర్టుకెళ్లే దారి మూసుకుపోవచ్చు. 2013 భూసేకరణ చట్టం 77వ సెక్షన్ అదే చెబుతోంది: పరిహారం చాలదన్న అభ్యంతరం తెలపకుండా డబ్బు అందుకున్నవాడు, పెంచమని 64వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకోలేడు. అభ్యంతరం తెలిపినా, అవార్డు ఇచ్చేటప్పుడు ఎదుట ఉన్నవాడికి మామూలు గడువు ఆరు వారాలే. ఇదంతా మీకు కంఠతా వచ్చు. భోగాపురం దగ్గరి కంచేరులోనో కవులవాడలోనో సరుగుడు తోట పెంచుకునే మనిషికి ఎవరు చెప్పాలి? రసీదు రాయించుకునే ఉద్యోగా?

భోగాపురం విమానాశ్రయం కథ మీ కళ్ల ముందే నడిచింది. 2015లో 15 వేల ఎకరాలన్న మాట పుట్టింది. జనం రోడ్డెక్కారు, హైకోర్టు మెట్లూ ఎక్కారు. లెక్క ఐదు వేల పైచిలుక్కి దిగి, చివరికి మూడు వేలలోపుకి వచ్చింది. శంకుస్థాపనల్లో మాత్రం పొదుపు చూపలేదు, 2019లో ఒకటి, 2023లో మరొకటి. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి పునరావాస కాలనీలకు తరలాల్సి వచ్చింది.

ఊరు లేచిపోతోందంటే కాగితాల వాన మొదలైనట్టే. ప్రాథమిక నోటిఫికేషన్, దాని మీద అభ్యంతరాలకు 60 రోజులు, డిక్లరేషన్, అవార్డు విచారణ, పునరావాస జాబితా. సెంటు భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పని చేసి బతుకుతున్న కూలీ, కౌలుదారు, చేతిపనివాడు కూడా చట్టం లెక్కలో ప్రభావిత కుటుంబమే. ఆ ముక్క చూపించి జాబితాలో పేరెక్కించమని అడగడానికి నల్లకోటు కూడా అక్కర్లేదు. ఒక మధ్యాహ్నం చాలు. "ఇందులో ఏటి రాసుందో సూడు బాబూ" అని కాగితం చాపే ముసలమ్మ పక్కన కూర్చుని చదివి చెప్పే ఓపిక చాలు.

ఓపిక లేదు గానీ లెక్క ఉంది. భూసేకరణ ఎక్కడ జరిగినా పర్సెంటేజీ బేరం వినిపిస్తూనే ఉంటుంది. "ముందు మీరేమీ ఇవ్వొద్దు, వచ్చినదాంట్లో ఇంత" అంటారు, దానికి ఉచిత సాయమనే పేరు పెట్టి మరీ. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలు నిషేధించిన పని. పొలం పోయినవాడి పరిహారంలో పాలుపంచుకునేవాణ్ని వకీలంటారా, వడ్డీ వ్యాపారంటారా? అదే నియమావళి, తన స్తోమత మేరకు పేదకు ఉచితంగా సాయపడటం న్యాయవాది అత్యున్నత బాధ్యతల్లో ఒకటనీ చెప్పింది. ఆ పేజీ ఎవరూ తిప్పినట్టు లేదు.

"లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉందిగా" అంటారు. ఉంది. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. అంటే తీరం పొడుగునా ఉన్న ప్రతి మత్స్యకార మహిళకూ ఆ హక్కుంది. కానీ విజయనగరం జిల్లా కోర్టు దాకా వచ్చి అడిగినవాళ్లకే కదా ఆ తలుపు తెరుచుకునేది. రసీదు పల్లెలో రాస్తారు, ప్యానెల్ వకీలు పట్నంలో ఉంటాడు. ఈ మధ్య దూరంలోనే గడువు కరిగిపోతుంది.

జూనియర్లను నేనేమీ అనను. బస్సు చార్జీలకు తడుముకునే కుర్రాణ్ని త్యాగం చెయ్యమనడం సీనియర్ల కపటం. నా తగువు రెండంతస్తుల ఆఫీసు, ముగ్గురు గుమాస్తాలు ఉన్నవాళ్లతో.

పెద్ద ఆదర్శాల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. కారంచేడులో దళితుల హత్యల తర్వాత బొజ్జా తారకం ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకున్నారు. బాలగోపాల్ లెక్కల మాస్టారు. నడివయసులో నల్లకోటు తొడిగింది ఇలాంటి పేద జనం కోసమే. మన పక్క శ్రీకాకుళం జిల్లాలోనే, సోంపేట బీల అనే చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని నిలబడ్డ జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. సరిగ్గా ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ థర్మల్ కేంద్రం అనుమతిని రద్దు చేసింది. బీలలో జనం నిలబడినంత గట్టిగా ఢిల్లీలో కాగితమూ నిలబడింది, దాన్ని పట్టుకున్న చేతులుండబట్టి.

విమానాశ్రయంతో పని అయిపోలేదు. విశాఖ నుంచి భోగాపురం దాకా బీచ్ రోడ్డంటున్నారు. ఇంకెన్ని కాగితాలు రానున్నాయో. అందుకే విజయనగరం బార్ అసోసియేషన్‌ను అడుగుతున్నాను: నోటిఫికేషన్ వెలువడిన వారంలోగా ఏ ఊరికి ఏ సీనియర్ వెళ్తాడో పేరు, ఫోను నంబరుతో భోగాపురం తహసీల్దారు ఆఫీసు గోడకు అంటించండి. చెక్కులిచ్చే రోజున ఆ సీనియర్ ఆ బల్ల పక్కనే కుర్చీ వేసుక్కూర్చోవాలి. వకాల్తా తర్వాత రాయించుకోవచ్చు. ముందు ఆ రసీదు మీద అభ్యంతరం రాయించండి.