తెర మీద లేత్ మిషన్

కరోనాతో 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాక పాలిటెక్నిక్ అధ్యాపకులకు వచ్చిన చిక్కు వేరు. చరిత్ర పాఠం ఫోన్లో చెప్పొచ్చు. లేత్ మీద థ్రెడ్ కట్ చేయడం ఎలా చెబుతారు? టూల్ మొద్దుబారినప్పుడు మారే చప్పుడు, వెల్డింగ్ రాడ్డును ఎంత ఎడంలో పట్టాలో మణికట్టుకు తెలియడం... ఇవి తెరకెక్కవు.

అందుకే ‘మాస్టార్లకు కంప్యూటరంటే భయం’ అనే మాటను ఈ సంచిక ఒప్పుకోదు. ఆన్‌లైన్ పాఠాలు అందించే ఎన్‌పీటెల్ 2003లోనే మొదలైంది, అలాంటిదే ‘స్వయం’ వేదిక 2017లో వచ్చింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వంటి సంస్థలు వర్చువల్ ల్యాబ్స్ తయారుచేశాయి. సర్క్యూట్లు, ప్రోగ్రామింగ్ చెప్పేవారికి అవి బాగా అక్కరకొస్తాయి, వర్క్‌షాపు నడిపేవారికి అంతగా కాదు. పైగా వీడియో పాఠం తయారుచేసిన సమయాన్ని పనిగంటల్లో కలపని చోట, తర్ఫీదు ఇవ్వని చోట ‘మీరు సిద్ధంగా లేరు’ అని నిందించడం అన్యాయం. పాత నోట్సునే పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పడేసి క్లాసు అయిపోయిందనుకున్నవారూ ఉన్నారు, దాచడమెందుకు!

పాలిటెక్నిక్, ఐటీఐ అధ్యాపకులారా, మీ పాఠాల్లో ఏది తెర మీద నిలిచిందో, ఏది చతికిలపడిందో మాకు రాయండి. వచ్చే సంచికలో కొన్ని పేజీలు మీకోసం అట్టేపెట్టాం.