హాకీ చూడబోతే ఏం వేసుకోవాలి?

అక్టోబరు వచ్చినా డాలస్‌లో ఎండ తగ్గదు. మధ్యాహ్నం పూట 30 డిగ్రీలు ఉండటం అక్కడ మామూలే. సరిగ్గా అప్పుడే ఐస్ హాకీ సీజను మొదలవుతుంది. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు దండిగా ఉన్నాయి; డాలస్ స్టార్స్ జట్టు సాధన చేసేది కూడా ఫ్రిస్కోలోనే. పిల్లల పోరు పడలేక టికెట్లు కొన్న ఇంట్లో, బయల్దేరేముందు బట్టల దగ్గర పేచీ తప్పదు. కుర్రాళ్లు నిక్కర్లు, టీషర్టులతో తయారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకు మాత్రం మంచు అనగానే మంకీ క్యాపు, మోకాళ్ల దాకా కోటు గుర్తొస్తాయి. ఇద్దరి లెక్కా తప్పే.

ఆట జరిగే రింకు మీద మంచు సున్నాకు అయిదారు డిగ్రీలు కిందనే ఉంటుంది. జనం కూర్చునే చోట మాత్రం సాధారణంగా 15 నుంచి 18 డిగ్రీలు. డిసెంబరు తెల్లవారుజామున హైదరాబాద్‌లో ఉండేపాటి చలి అన్నమాట. అయితే తెల్లవారుజామున నడకకు వెళ్లేవాళ్లకు ఒళ్లు వేడెక్కుతుంది. హాకీకి వెళ్లినవాళ్లు రెండున్నర గంటలు కదలకుండా కూర్చోవాలి. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, మధ్యలో రెండు విరామాలు. మొదటి పీరియడ్‌లో హాయిగా అనిపించిన చల్లదనమే మూడో పీరియడ్‌కు వణుకు పుట్టిస్తుంది. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి రింకు చుట్టూ ఉండే అద్దం పక్క వరుసల్లో చలి ఇంకాస్త ఎక్కువ.

చలి ముందు పట్టుకునేది పాదాలను. కాళ్ల కింద ఉండేది కాంక్రీటు. పల్చటి అట్ట చెప్పుల్లోంచి దాని చల్లదనం నేరుగా అరికాళ్లకు ఎక్కుతుంది. అందుకే ఒక్కటే జాగ్రత్త తీసుకోగలిగితే అది మందపాటి మేజోళ్లు, బూట్లు అయి ఉండాలి. పైన టీషర్టు, దాని మీద విప్పి ఒళ్లో పెట్టుకోగలిగే స్వెటరో హుడీయో చాలు. పెద్ద కోటు ఇరుకు సీట్లో మోయలేని బరువు.

చీరకట్టుకు హాకీ పనికిరాదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. లోపల థర్మల్ లెగ్గింగ్స్ వేసుకుని, కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి దోపుకుని, పైటకు పిన్ను పెట్టుకుంటే అమ్మమ్మ నిశ్చింతగా కూర్చోవచ్చు. కుచ్చిళ్లు ఎత్తి కట్టుకోమనడం చలి కోసం కాదు, పై అంతస్తు మెట్ల కోసం. అవి బాగా నిటారుగా ఉంటాయి. చీర మీద జట్టు జెర్సీ తొడిగినా చక్కగా నప్పుతుంది. జెర్సీలు ఆటగాళ్ల ప్యాడ్ల మీద పట్టేలా వదులుగా కుట్టినవి. లోపల స్వెటరున్నా బిగుతు కావు.

ఆరుబయట జరిగే ఆటల సంగతి వేరు. 2003 నవంబరులో కెనడాలోని ఎడ్మంటన్ ఫుట్‌బాల్ స్టేడియంలో మంచు పరిచి ఆడిన మ్యాచ్‌కు 57,167 మంది వచ్చారు. దాదాపు మైనస్ 18 డిగ్రీల చలి. మాంట్రియల్ గోల్‌కీపర్ జోసే థియోడోర్ మాస్కు మీద ఊలు టోపీ తగిలించుకుని ఆడాడు. 2022 జనవరి 1న మినియాపొలిస్‌లో ఆరుబయట ఆడిన మ్యాచ్‌లో చలి మైనస్ 20 దాటింది. ఆ రోజు సెయింట్ లూయిస్ ఆటగాళ్లు బీచికి పోతున్నట్టు నిక్కర్లు, హవాయి చెప్పులతో స్టేడియానికి వచ్చారు. ఆ సరదా వాళ్లకు చెల్లింది, లోపల వెచ్చటి డ్రెస్సింగ్ రూము ఉంది కనుక. చూడబోయేవాళ్లు మాత్రం ఉన్నవన్నీ తొడుక్కుని, కాళ్ల కింద వేసుకోవడానికి ఒక అట్టముక్క కూడా పట్టుకెళ్లాలి.

ఒంటికి వెచ్చదనం సరే, హాకీలో అసలు మాట రంగుది. 1987లో, సీజను చివర జరిగే ప్లేఆఫ్స్‌లో కాల్గరీ అభిమానులు ఎర్ర బట్టలతో స్టేడియాన్ని నింపేస్తుంటే, విన్నిపెగ్ వాళ్లు దానికి జవాబుగా తలా ఒక తెల్ల చొక్కా వేసుకొచ్చారు. విన్నిపెగ్ జట్టు జెట్స్ ఆ సిరీస్ గెలిచింది. 1996లో జట్టు ఊరు విడిచి వెళ్లిపోయింది. 2011లో అదే పేరుతో మరో జట్టు వచ్చింది. ప్లేఆఫ్స్ రాగానే బీరువాల్లోంచి తెల్లబట్టలు మళ్లీ బయటికొచ్చాయి. ఈ సంప్రదాయంలో గొప్పతనం ఏమిటంటే దానికి డబ్బు అక్కర్లేదు. తెల్లచొక్కా లేని ఇల్లుండదు.

జెర్సీ అంటే కెనడా జనానికి ఎంత ప్రాణమో రోక్ కారియే 1979 నాటి కథ ‘ద హాకీ స్వెటర్’ చెబుతుంది. క్యూబెక్ పల్లెలో పిల్లలందరూ మాంట్రియల్ హీరో మారిస్ రిషార్ వేసుకునే 9వ నంబరు స్వెటరే తొడుక్కుంటారు. ఒక పిల్లాడికి మాత్రం తల్లి రాసిన ఉత్తరానికి దుకాణం వాళ్లు బద్ధశత్రువైన టొరంటో స్వెటరు పంపుతారు. ఆ పిల్లాడి బాధ కెనడా అంతటికీ ఎంత దగ్గరైందంటే, ఆ కథలోని వాక్యాలను తర్వాత అయిదు డాలర్ల నోటు మీద అచ్చువేశారు.

డాలస్ రంగు ఆకుపచ్చ. కొత్త జెర్సీకి వంద డాలర్లు పైనే అవుతుంది. ఏడాదికోసారి వెళ్లేవాళ్లు అంత పెట్టనక్కర్లేదు, పచ్చ టీషర్టు చాలు. కొనదలిస్తే మైక్ మొడానో 9వ నంబరుది కొనాలి. 1993లో జట్టుతోపాటే మిన్నెసోటా నుంచి వచ్చి, 1999లో స్టాన్లీ కప్ ట్రోఫీ గెలిపించినవాడు. ఆ నంబరు పాతబడేది కాదు. ఎదుటి జట్టు జెర్సీ వేసుకెళ్లడంలోనూ తప్పు లేదు. 2015 ఫైనల్స్‌లో టాంపా యాజమాన్యం ఖరీదైన కొన్ని సీట్లలో షికాగో జెర్సీలు వేసుకోవద్దని ఆంక్ష పెట్టింది. టికెట్టు కొన్న మనిషి చొక్కా రంగుతో యాజమాన్యానికి పని ఉండకూడదు. ఆ రోజు ఆడని మూడో జట్టు జెర్సీ మాత్రం ఇంట్లో ఉంచేయడం మంచిది. ఇద్దరి ఆట మీదా ఆసక్తి లేనట్టు కనిపిస్తుంది.

హుడీ టోపీని మాత్రం కళ్ల మీదికి లాక్కోకూడదు. పక్ గట్టి రబ్బరు బిళ్ల, మ్యాచ్‌కు ముందు గడ్డకట్టిస్తారు, గంటకు 150 కిలోమీటర్లు దాటి దూసుకొస్తుంది. 2002లో కొలంబస్‌లో గ్యాలరీలోకి ఎగిరిన పక్ తగిలి 13 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాతే రెండు గోల్స్ వెనకా వలలు తప్పనిసరి చేశారు. పక్కవైపు సీట్ల ముందు అద్దమే తప్ప వల ఉండదు. ఆట నడుస్తున్నంతసేపూ చూపు పక్ మీదే ఉండాలి, ఫోను జేబులో ఉండాలి.

టోపీ పెట్టుకుంటే పోయినా పర్లేదనుకునేదే పెట్టుకోవాలి. ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే జనం టోపీలు తీసి మంచు మీదికి విసురుతారు. మామూలుగా రింకులోకి వస్తువులు విసిరితే సొంత జట్టుకు పెనాల్టీ పడవచ్చు. హ్యాట్రిక్ టోపీలకు మాత్రం నిబంధనల్లోనే మినహాయింపు రాసి ఉంది. అందరూ విసిరే వేళ చేతులు కట్టుకు కూర్చోవడం ఎవరి వల్లా కాదు. అమ్మమ్మ చేత్తో అల్లిన ఊలు టోపీ అయితే ఇంట్లో దాచి, బజారులో కొన్న పాత క్యాపొకటి పెట్టుకెళ్లాలి.